కారు పోకుండా చూసుకోవాలంటే: లాక్, జీపీఎస్, ఇన్సూరెన్స్‌లో ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

కొత్త కారు కొన్నవాళ్లయినా, సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నవాళ్లయినా తరచూ ఒకే మాట అడుగుతుంటారు: గేర్ లాక్ వేయించాలా, జీపీఎస్ పెట్టించాలా, ఇన్సూరెన్స్ ఉంటే సరిపోదా? నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ కార్ డెకార్స్ షాపుకి వెళ్లి అడిగితే, వాళ్ల దగ్గర ఏది ఉంటే అదే మంచిదంటారు. ఇన్సూరెన్స్ ఏజెంటేమో పాలసీ ఉండగా టెన్షన్ ఎందుకంటాడు. చిక్కేమిటంటే, ఇవన్నీ ఒకే పని చేసే వస్తువులు కావు. లాక్ దొంగను ఆపుతుంది. సైరన్ ఇరుగుపొరుగును లేపుతుంది. జీపీఎస్ పోయిన బండిని వెతుకుతుంది. బండి ఇక దొరకదని తేలాక డబ్బిచ్చేది ఇన్సూరెన్స్. కాబట్టి ఏది మంచిదని కాదు, ఏది ముందు అని అడగాలి.

నా అభిప్రాయం మొదటే చెప్తాను. దక్షిణ తెలంగాణలో ఉండేవాళ్లు మొదటి రెండు మూడు వేలు దొంగను ఆపే వస్తువు మీదే పెట్టాలి. ఎందుకో తెలియాలంటే మన రోడ్లు చూడండి. జడ్చర్ల దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కినవాడు రెండు గంటల్లో కర్నూలు చేరతాడు. మహబూబ్‌నగర్ నుంచి మక్తల్ మీదుగా పోతే కృష్ణ దాటగానే రాయచూరు. నార్కట్‌పల్లి దగ్గర 65 ఎక్కితే ఒక పక్క హైదరాబాద్, ఇంకో పక్క సూర్యాపేట, కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్. నల్లగొండ నుంచి మిర్యాలగూడ, వాడపల్లి మీదుగా పోతే పల్నాడు. అర్ధరాత్రి పోయిన బండిని మీరు పొద్దున ఆరింటికి లేచి చూసుకునేసరికి అది వేరే రాష్ట్రంలో ఉంటుంది. అంత దూరం పోయాక వెతకడం కన్నా ఇంటి ముందు పది నిమిషాలు ఆపడమే తేలిక.

రాత్రి బండి ఎక్కడ ఉంటుంది?

ఏం కొనాలన్నది కారు ధరను బట్టి కాదు, అది రాత్రిపూట ఎక్కడ ఉంటుందన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. తాళం వేసిన గేటు లోపల ఉండే కారుకీ, ఇరుకు గల్లీలో చోటు లేక మెయిన్ రోడ్డు మీద వదిలేసే కారుకీ ఒకే ఏర్పాటు పనికిరాదు. పొలం దగ్గర రేకుల షెడ్డులో ఉండే బొలెరోకు చుట్టుపక్కల మనుషులే ఉండరు, అక్కడ సైరన్ మోగినా వినేవాళ్లు లేరు. వారానికి రెండు మూడు సార్లు ఎల్బీ నగర్ దాకా కారులో వెళ్లి, అక్కడ రోడ్డు పక్కన పెట్టి మెట్రో ఎక్కేవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ కారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెలియని మనుషుల మధ్య ఉంటుంది, పక్కన ఎవరు నిలబడి డోరు తీస్తున్నా ఎవరికీ అనుమానం రాదు. చెర్వుగట్టు, కురుమూర్తి జాతరలప్పుడు, ముహూర్తాల రోజుల్లో బైపాస్ పక్క ఫంక్షన్ హాళ్ల దగ్గర కూడా అంతే. వందల కార్ల మధ్యలోంచి ఒకటి కదిలితే ఎవరు పట్టించుకుంటారు?

పైసా ఖర్చు లేని జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. వాటి తర్వాతే మిగతావి. మన ఇళ్లలో కారు తాళం చెవి తలుపు పక్క మేకుకో, కిటికీ దగ్గర హుక్కుకో వేలాడుతూ ఉంటుంది. ఎండాకాలంలో డాబా మీద పడుకుంటాం, కింద తలుపు ఒక్కోసారి చేరవేసి ఉంటుంది. కిటికీ ఊచల్లోంచి కర్రతో తాళం చెవి లాగేసేవాడికి మీ గేర్ లాక్, చిప్ ఉన్న చెవితోనే ఇంజిన్ స్టార్ట్ కానిచ్చే ఇమ్మొబిలైజర్ ఏదీ అడ్డం కాదు. చెవి లోపలి గదిలో, బీరువాలో ఉండాలి. స్పేర్ కీ డ్యాష్‌బోర్డు అరలో పెట్టే అలవాటు ఉంటే ఈరోజే తీసేయండి. ఒరిజినల్ ఆర్సీ కూడా కారులో ఉంచాల్సిన పని లేదు, డిజీలాకర్‌లోది చూపిస్తే సరిపోతుంది. కిరాణా దుకాణం ముందు ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచి, వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టి దిగడం మాత్రం దయచేసి ఎవరూ చేయకండి. బండి పోవడం ఒక ఎత్తు, బండిలో పిల్లలుండగా పోవడం ఇంకో ఎత్తు.

ఇంట్లో ట్రాక్టర్ కూడా ఉంటే రాత్రి కారును లోపలికి పెట్టి, దాని వెనక ట్రాక్టర్ ఆపండి. గేటు లేని ఇంటికి దీన్ని మించిన లాక్ దొరకదు.

స్టీరింగ్ రాడ్, గేర్ లాక్, టైర్ లాక్

స్టీరింగ్‌కు అడ్డంగా వేసే రాడ్ లాక్ వెయ్యి రూపాయల అటూ ఇటూలో వస్తుంది. దాని అసలు లాభం గట్టితనం కాదు, కనబడటం. ఎర్రగానో పసుపుగానో అద్దంలోంచి కనిపిస్తుంది, వీధిలో పది కార్లుంటే దొంగ చూపు పక్కదాని మీదికి పోతుంది. లోపం కూడా తెలిసిందే. రాడ్ ఇనుము గట్టిదే అయినా, అది పట్టుకున్న స్టీరింగ్ చక్రం మెత్తనిది. చక్రాన్ని ఒకచోట కోస్తే రాడ్ ఊడి వస్తుంది. అందుకే స్టీరింగ్‌ను క్లచ్ పెడల్‌తోనో బ్రేక్ పెడల్‌తోనో కలిపి బిగించే కొక్కెం రకం కొంచెం నయం. అది వేశాక పెడల్ తొక్కడం కుదరదు. ఇంకో ఇబ్బంది: పాలమూరు ఎండల్లో మధ్యాహ్నం బయట ఉన్న కారులో ఆ రాడ్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. నాలుగు రోజులు వాడి వెనక సీటు కింద పడేసినవాళ్లను చాలామందిని చూశాను. రోజూ వేసే ఓపిక ఉందా లేదా అని మిమ్మల్ని మీరు నిజాయితీగా అడుక్కున్నాకే కొనండి.

గేర్ లాక్ అయితే బండికే బిగించి ఉంటుంది కాబట్టి వేయడం సులువు. మాన్యువల్ కారుకు నేను మొదట సిఫార్సు చేసేది ఇదే. రివర్స్ గేర్‌లో వేసి తాళం తిప్పితే గేర్ లివర్ అక్కడే బిగుసుకుంటుంది. అద్దం పగలగొట్టి, ఎలాగో ఇంజిన్ స్టార్ట్ చేసినా బండి ముందుకు పోదు. రెండు వేల నుంచి మూడున్నర వేల మధ్య మంచి రకం వస్తుంది.

అయితే గేర్ లాక్‌లో మంచీ చెడూ తేలేది తాళం దగ్గర కాదు, బిగింపు దగ్గర. బిగించేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. రెండు సీట్ల మధ్య ప్లాస్టిక్ కన్సోల్ విప్పి, కింద ఇనుప ఫ్లోరుకు బ్రాకెట్ పెట్టి బోల్టులు వేయాలి. కొందరు పని తొందరగా అవుతుందని బ్రాకెట్‌ను ప్లాస్టిక్ అంచుకో, పలుచటి రేకుకో స్క్రూలతో బిగించేస్తారు. అలాంటిదాన్ని రెండు చేతులతో గట్టిగా ఊపితే కన్సోల్‌తో సహా లేచి వస్తుంది. మంచి సెట్లో బోల్టు ఒక హద్దు దాకా బిగించాక దాని తల విరిగిపోతుంది, గుండుగా నున్నగా మిగులుతుంది. తర్వాత దాన్ని ఏ పానాతోనూ విప్పలేరు. షాపులో ఆ తలలు విరగ్గొట్టకుండా మామూలు నట్లు వేసి వదిలేస్తే, పదో నంబరు పానా ఉన్న ఎవడైనా రెండు నిమిషాల్లో ఊడదీస్తాడు. పని అయిపోయాక లాక్ వేసి, లివర్‌ను బలంగా లాగి చూసి, అప్పుడే డబ్బులివ్వండి. తాళం చెవులు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టుకోండి, ఒకటి ఇంట్లో దాచండి.

ఆటోమేటిక్ కార్లలో లివర్ పార్క్‌లో ఉండగా బిగించే రకాలు కొన్ని మోడళ్లకు దొరుకుతాయి. గేర్ల కోసం తిప్పే నాబ్, బటన్లు ఉన్న కార్లకు అసలు వీలుకాదు. వాళ్లకు పెడల్‌తో కలిపే స్టీరింగ్ లాకే దారి.

టైర్ లాక్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బరువు, మురికి, రోజూ వేయలేరు. కానీ ముంబైకో గల్ఫ్‌కో వెళ్తూ నెలల తరబడి కారు ఇంటి ముందు వదిలేసే కుటుంబాలకు, లారీ మీద ఎక్కించుకుపోతారేమోనని భయపడేవాళ్లకు అదే సరైనది. వెళ్లేముందు బ్యాటరీ టెర్మినల్ కూడా తీసేయండి, అలా చేస్తే బ్యాటరీ కూడా తొందరగా దిగిపోదు.

దాచిన స్విచ్: నమ్మకస్తుడైన ఎలక్ట్రీషియన్ ఉంటేనే

తక్కువ ఖర్చులో గట్టి పని చేసేది దాచిన కట్-ఆఫ్ స్విచ్. సెల్ఫ్ మోటార్‌కో ఫ్యూయల్ పంపుకో వెళ్లే కరెంటును మధ్యలో ఒక స్విచ్‌తో ఆపడం. స్విచ్ ఎక్కడుందో మీకూ, ఇంట్లో ఇంకొకరికీ మాత్రమే తెలియాలి. ఇమ్మొబిలైజర్ లేని పాత కార్లకు ఇది చాలా పనికొస్తుంది. ఇమ్మొబిలైజర్ అంటే తాళం చెవిలోని చిప్‌ను గుర్తుపడితేనే ఇంజిన్ స్టార్ట్ కానిచ్చే ఏర్పాటు. మారుతి కార్లలో దాన్నే ఐక్యాట్స్ అంటారు. మీ కారులో ఉందో లేదో తెలియకపోతే యజమాని పుస్తకం చూడండి. పాత మారుతి 800, ఓమ్నీల్లాంటి బండ్లలో చాలావాటికి ఉండదు. అలాంటి బండ్లను వైర్లు కలిపి స్టార్ట్ చేయడం తెలిసినవాడికి ఎక్కువ సేపు పట్టదు.

సెల్ఫ్ ఆపాలా, పంపు ఆపాలా అన్న దగ్గర ఆలోచించాలి. సెల్ఫ్ కట్ చేయిస్తే ప్రమాదం తక్కువ. స్విచ్ పాడైనా నడుస్తున్న బండి ఆగదు, మళ్లీ స్టార్ట్ కాదంతే. కానీ మాన్యువల్ బండిని ఇద్దరు తోసి స్టార్ట్ చేయొచ్చు. పంపు కట్ చేయిస్తే తోసినా లాభం లేదు, పైపుల్లో మిగిలిన పెట్రోలుతో కొద్ది దూరం పోయి ఆగిపోతుంది. కానీ ఆ వైరింగ్‌లో ఎక్కడైనా వదులు కనెక్షన్ ఉంటే, చిట్యాల దగ్గర లారీల మధ్య వంద స్పీడులో వెళ్తుండగా ఇంజిన్ ఆగిపోవచ్చు. పాత బండికి, గ్యారేజీ పని బాగా తెలిసిన మనిషి చేస్తే పంపు కట్ మంచిదే. వారంటీలో ఉన్న కొత్త కారుకు మాత్రం వద్దంటాను. వైర్లు కోశారని తెలిస్తే ఎలక్ట్రికల్ వారంటీ ఇవ్వరు, పలుచటి వైర్లు, ఫ్యూజు లేని కనెక్షన్ల వల్ల మంటలు అంటుకునే ప్రమాదమూ ఉంది. ఎవరితో చేయించినా రిలే, ఫ్యూజు పెట్టి, జాయింట్లు టేపు చుట్టి వదలకుండా సోల్డర్ చేయమనండి.

జీపీఎస్: పని చేస్తుంది, మీరు మేలుకుంటే

జీపీఎస్ పరికరాల్లో మన దగ్గర ఎక్కువగా కనిపించేవి మూడు. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో, అంటే సర్వీసులో కంప్యూటర్ కలిపే సాకెట్‌లో గుచ్చే రకం అన్నిటికన్నా సులువు, కానీ దొంగ ముందు చెయ్యి పెట్టేది అక్కడే. లాగి రోడ్డు మీద పారేస్తాడు. అయస్కాంతంతో అతికించే బ్యాటరీ రకానికి వైరింగ్ అక్కర్లేదు, కానీ ఛార్జింగ్ పెట్టడం మర్చిపోతాం. వైరింగ్ చేసి దాచే రకమే కొనదగ్గది. సిమ్, మొదటి ఏడాది చందా కలిపి మూడు నాలుగు వేల దాకా అవుతుంది, తర్వాత ఏటేటా రీఛార్జ్ కట్టాలి. ఏడాది తిరిగాక రీఛార్జ్ ఆపేస్తే ఆ డబ్బా ఉన్నా లేనట్టే.

కొనేముందు అడగాల్సినవి చెప్తాను. బ్యాటరీ వైరు కోసినా కొన్ని గంటలు నడిచే లోపలి బ్యాటరీ ఉందా? ఇంజిన్ ఆన్ అయినప్పుడు, బండిని ఎవరైనా లాక్కెళ్తున్నప్పుడు వెంటనే అలర్ట్ వస్తుందా? ఆ అలర్ట్ రెండు ఫోన్లకు పోతుందా? అన్నిటికన్నా ముఖ్యం, అలర్ట్ ఫోన్ కాల్‌గా వస్తుందా, మెసేజ్‌గా వస్తుందా? రాత్రి రెండింటికి సైలెంట్‌లో ఉన్న ఫోన్‌కు వచ్చిన మెసేజ్ ఎవరు చూస్తారు? కాల్ వచ్చే రకం తీసుకోండి, ఆ నంబరుకు సైలెంట్‌లో కూడా మోగేలా సెట్టింగ్ పెట్టండి. జీపీఎస్ పెట్టించుకున్నవాళ్లలో ఎక్కువమంది వదిలేసేది ఈ చిన్న పనే, పరికరం విలువంతా దీంతోనే ఉంది.

ఫోన్‌లోంచి ఇంజిన్ ఆపే సౌకర్యం ఉన్నవి కూడా అమ్ముతున్నారు. అందులో ఒక షరతు తప్పనిసరి: బండి నడుస్తుండగా ఆపకూడదు, ఆగాకే మళ్లీ స్టార్ట్ కాకుండా చేయాలి. నడుస్తున్న కారులో ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది. దొంగకే కాదు, ఎదురుగా వచ్చే బైకు మీది కుటుంబానికీ అది ప్రాణాపాయం.

ఎక్కడ దాస్తారన్నది కూడా చూడాలి. అందరూ స్టీరింగ్ కిందే పెడతారు కాబట్టి మీరు వేరే చోటు అడగండి. పైన ఇనుప రేకు అడ్డం లేకుండా చూసుకోండి, లేకపోతే సిగ్నల్ అందదు. సిగ్నల్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన్ననూరు దాటి శ్రీశైలం వైపు అమ్రాబాద్ అడవిలోకి పోతే చాలా చోట్ల ఫోన్ నెట్‌వర్క్ ఉండదు. అంతసేపూ బండి ఎక్కడుందో తెలియదు, నెట్‌వర్క్ అందాకే మళ్లీ కనిపిస్తుంది. సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ వాడే దొంగల ముందు జీపీఎస్ పనిచేయదు. జీపీఎస్‌ను లాక్ వేయించాక రెండో ఖర్చుగా చూడమనడం ఇందుకే.

మీ కారులో కంపెనీయే ఇచ్చిన కనెక్టెడ్ యాప్ ఉంటే బయట జీపీఎస్ కొనకముందు దాన్ని చూసుకోండి. కొన్ని కార్లలో దొంగతనం అయితే బండిని కనిపెట్టడం, మళ్లీ స్టార్ట్ కాకుండా చేయడం కూడా అందులోనే ఉంటాయి. ఉచిత చందా అయిపోయిందేమో ఒకసారి తెరిచి చూడండి.

లొకేషన్ దొరికినా సరే, నలుగురు స్నేహితులను ఎక్కించుకుని వెంటపడకండి. లైవ్ లింక్ పోలీసులకు పంపండి.

బటన్ స్టార్ట్ కార్లు

తాళం చెవి జేబులో ఉంటే చాలు డోరు తెరుచుకునే కార్లకు ప్రత్యేకమైన ముప్పు ఒకటుంది. ఒకడు మీ తలుపు దగ్గర, ఇంకొకడు కారు దగ్గర నిలబడి, ఇంట్లోని కీ సిగ్నల్‌ను యంత్రాలతో పెంచి కారు దాకా చేరవేస్తారు. కీ పక్కనే ఉందని కారు అనుకుంటుంది. దీనికి విరుగుడు మూడు నాలుగు వందలకు దొరికే సిగ్నల్ ఆపే పర్సు. కొనగానే కీ అందులో పెట్టి కారు దగ్గరికి వెళ్లి డోరు లాగి చూడండి. తెరుచుకుంటే ఆ పర్సు పనికిరాదు, వెనక్కిచ్చేయండి. ఓబీడీ పోర్టు ద్వారా కొత్త కీని ప్రోగ్రామ్ చేసుకునే దొంగలూ ఉన్నారు కాబట్టి ఈ కార్లకూ కంటికి కనిపించే స్టీరింగ్ లాక్ ఒకటి ఉండాలి.

సైరన్ అలారం ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న గల్లీలో పనికొస్తుంది, పొలం దగ్గర వృథా. కుక్క తగిలినా మోగేంత సున్నితంగా పెడితే వారానికే పక్కింటివాళ్లు దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. డ్యాష్‌క్యామ్ యాక్సిడెంట్ గొడవలకు చాలా మంచిది, దొంగతనానికి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. కారుతో పాటే అదీ పోతుంది. ఇంటి ముందు సీసీ కెమెరా అంతకన్నా ఎక్కువ ఉపయోగం.

ఇన్సూరెన్స్: ఇక్కడే ఎక్కువమంది నష్టపోతున్నారు

కొత్త కారు కొన్నవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చేది) ఒకేసారి తీసుకోవాలి. కానీ సొంత బండి నష్టానికి ఇచ్చే భాగం చాలా పాలసీల్లో ఒక్క ఏడాదికే ఉంటుంది. పేపరు మీద మూడేళ్ల తేదీ చూసి నిశ్చింతగా ఉంటారు, రెండో ఏడాది రెన్యువల్ చేయరు. దొంగతనానికి డబ్బిచ్చేది ఆ సొంత నష్టం భాగమే. థర్డ్ పార్టీ పాలసీ ఎంతకాలం ఉన్నా కారు పోతే ఒక్క రూపాయి రాదు. ఇప్పుడే పాలసీ తీసి ‘ఓన్ డ్యామేజ్’ అన్న చోట రాసిన ఆఖరి తేదీ చూడండి.

ఎంత వస్తుందన్నది ఐడీవీ మీద ఆధారపడుతుంది. అంటే పాలసీలో రాసిన కారు విలువ. ఆరు నెలల లోపు కారుకు కంపెనీ అమ్మకం ధర మీద 5 శాతం తగ్గిస్తారు. ఏడాది లోపు అయితే 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం. ఆపైన ఇన్సూరెన్స్ కంపెనీ, మీరు మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. ఎనిమిది లక్షల కారుకు మూడేళ్లు దాటాక 4 లక్షల 80 వేలే విలువ అన్నమాట. ప్రీమియం వెయ్యి రూపాయలు తగ్గుతుందని ఏజెంటు ఐడీవీ ఇంకా కిందికి దింపితే ఒప్పుకోకండి, కారు పోయిన రోజున ఆ తగ్గించినదే లెక్క. కొత్త కారుకు, అందులోనూ లోన్ మీద కొన్నదానికి, రిటర్న్ టు ఇన్వాయిస్ అనే అదనపు కవర్ తీసుకోవడం మంచిది. అది ఉంటే బిల్లు ధర దాకా వస్తుంది. బంపర్ టు బంపర్ అంటే అన్నీ వచ్చేస్తాయనుకుంటారు చాలామంది. అది రిపేరుకు వచ్చే పార్టుల తరుగుదల గురించినదే, దొంగతనానికి సంబంధం లేదు.

ఏఆర్ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) ఆమోదం ఉన్న దొంగతన నిరోధక పరికరం పెట్టిస్తే సొంత నష్టం ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గింపు ఉంటుంది. వస్తే తీసుకోండి, దానికోసమే పరికరం కొనకండి.

సెకండ్ హ్యాండ్ కారు కొంటే ఆర్సీ మార్పించి ఊరుకోకూడదు. పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పి పాలసీ మీ పేరు మీదికి మార్చుకోవాలి. ఆర్సీ మీ పేరు మీద, పాలసీ పాత యజమాని పేరు మీద ఉంటే దొంగతనం క్లెయిమ్ ఇవ్వరు. రెండు తాళం చెవులూ అడిగి తీసుకోండి. క్లెయిమ్‌లో రెండు చెవులూ అప్పజెప్పమంటారు, ఒకటి లేకపోతే అక్కడే పేచీ మొదలవుతుంది. అమ్మినవాళ్లు ఒకటే ఇస్తే, పోయిన కీని బండి గుర్తుపట్టకుండా సర్వీస్ సెంటర్‌లో చెరిపించి కొత్తది చేయించుకోండి. ఆ ఖర్చు ధరలో తగ్గించమని ముందే బేరమాడండి.

బండి పోయిందని తెలియగానే 112కి గానీ 100కి గానీ ఫోన్ చేసి, అదే రోజు ఎఫ్ఐఆర్ చేయించాలి. కారు హైదరాబాద్‌లో పోయి మీరు దేవరకొండలో ఉన్నా సరే, దగ్గరి స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. మా పరిధి కాదని తిప్పి పంపకూడదని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెప్తోంది. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా వెంటనే చెప్పండి. ట్రాక్టర్ పోయిన ఒక కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు, ఎఫ్ఐఆర్ వెంటనే చేసి ఉంటే కంపెనీకి ఆలస్యంగా తెలిపారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని తీర్పిచ్చింది. అలాగని ఆలస్యం చేయకండి, కోర్టుకు పోయి గెలిచేదాకా ఏళ్లు పడుతుంది. ఇంకొక మాట, ఫాస్టాగ్‌ను కంగారుగా వెంటనే బ్లాక్ చేయకండి. దొంగ దాన్ని పీకకపోతే పంతంగి, కొర్లపహాడ్, రాయికల్, పుల్లూరు లాంటి టోల్ దగ్గర దాటిన మెసేజ్ మీ ఫోన్‌కు వస్తుంది. ఆ మెసేజ్ పోలీసులకు చూపించండి.

బండి దొరకలేదని పోలీసులు ఫైనల్ రిపోర్టు ఇచ్చాకే డబ్బు వస్తుంది, నెలలు పట్టొచ్చు. లోన్ ఉంటే మొదట బ్యాంకుకు పోతుంది, మిగిలింది మీకు.

కిరాయికి ఇచ్చే సొంత కారు

ఇది వేరే విషయమే అయినా మన దగ్గర బాగా పెరిగింది కాబట్టి చెప్పక తప్పదు. తెల్ల నంబరు ప్లేటు కారును నెలకు ఇంత అని కిరాయికి ఇస్తారు, తీసుకున్నవాడు దాన్ని ఎక్కడో తాకట్టు పెట్టి మాయమవుతాడు. చట్టం దృష్టిలో ఇది చాలాసార్లు దొంగతనం కాదు, నమ్మకద్రోహం. భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్ అయితే ఇది 316. తాళం చెవి మీరే ఇచ్చారు, పైగా సొంత వాడకానికి తీసుకున్న పాలసీ మీద బండి కిరాయికి తిప్పారు. కంపెనీ రెండు కారణాలు చూపించి క్లెయిమ్ తిరస్కరిస్తుంది. ఏ లాక్ అయినా ఇక్కడ పనికిరాదు. ఇలాంటి బండికి దాచిన జీపీఎస్ ఒక్కటే పనికొస్తుంది, కానీ తెల్ల ప్లేటు బండిని కిరాయికి ఇవ్వకపోవడమే నేను చెప్పే సలహా.

మరి మీకు ఏది?

గేటు లోపల ఉండే, ఇమ్మొబిలైజర్ ఉన్న మామూలు మాన్యువల్ కారుకు సరిగ్గా బిగించిన గేర్ లాక్, ఓన్ డ్యామేజ్ రెన్యువల్ చాలు. జీపీఎస్ డబ్బు మిగుల్చుకోండి. రోడ్డు మీద ఉండే కారుకైతే గేర్ లాక్‌తో పాటు కాల్ అలర్ట్ వచ్చే జీపీఎస్ కూడా పెట్టించండి, ఆ ఐదు నుంచి ఏడున్నర వేలు దండగ కాదు. ఎల్బీ నగర్ దగ్గర పగలంతా ఆపేవాళ్లు కనిపించే స్టీరింగ్ లాక్ వేసి, వీలైతే డబ్బు కట్టే పార్కింగ్‌లో పెట్టండి. బటన్ స్టార్ట్ ఉన్న ఖరీదైన కారుకు సిగ్నల్ పర్సు, స్టీరింగ్ లాక్, కంపెనీ యాప్, రిటర్న్ టు ఇన్వాయిస్.

అన్నిటికన్నా ఆలోచించాల్సింది పాత బండి ఉన్నవాళ్ల గురించి. పన్నెండు పదిహేనేళ్ల బొలెరో, ఓమ్నీ మీద బతుకుతున్న కుటుంబాలు మన దగ్గర ఎన్నో. వాటికి ఐడీవీ లక్షో లక్షన్నరో ఉంటుంది, చాలామంది థర్డ్ పార్టీతోనే నడుపుతారు. బండి పోతే కూరగాయల లోడు ఆగుతుంది, పూట గడవడం కష్టమవుతుంది. వాళ్లు జీపీఎస్ చందాల జోలికి పోనక్కర్లేదు. దాచిన కట్-ఆఫ్ స్విచ్, ఫ్లోరుకు బోల్టులతో బిగించిన గేర్ లాక్, రాత్రి షెడ్డులో ముందు టైరుకు గొలుసు తాళం, ఈ మూడూ కలిపి ఐదు వేల లోపు అవుతాయి. బోనెట్ కింద బ్యాటరీని కూడా క్లాంపుతో బిగించి తాళం వేయించండి, పాత బండ్ల దగ్గర బ్యాటరీ ఒక్కటే ఎత్తుకుపోయేవాళ్లూ ఉన్నారు.